రక్తానికి కొలత దిద్దిన యల్లాప్రగడ సుబ్బారావు గారు

ఉగాది సంచిక అనగానే శ్రీకృష్ణదేవరాయలవారిని, త్యాగయ్యగారిని, వీరేశలింగం పంతులుగారిని స్మరించుకోవడం మనకు అలవాటు. ఈసారి ఒక మహనీయుని జీవితం వ్రాసి ఇమ్మని కార్యవర్గం వారు కోరినప్పుడు మేము యల్లాప్రగడ సుబ్బారావు గారిని ఎన్నుకున్నాము. ఆయనా మనవలెనే పుట్టినచోటు విడిచి పరాయిగడ్డ మీద బ్రతికిన తెలుగువాడు. అదొక కారణం. రెండవ కారణం మన ఇళ్ళ బీరువాలలోనే ఉంది. హుబ్బళ్ళిలో స్థిరపడిన మన కుటుంబాలలో రక్తపరీక్ష కాగితం లేని ఇల్లు ఈనాడు లేదు. ఆ కాగితం మీది ఒక అంకె వెనుక ఈ భీమవరం బిడ్డ చేతిపని ఉన్నదన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి రైల్వే ఆఫీసులో కలం పట్టినవారము. అయినా అంకెలతో బ్రతికేవారము గనుక, అంకెకు విలువ ఎక్కడినుండి వస్తుందో విచారించే హక్కు మాకూ ఉన్నదని నమ్మి వ్రాస్తున్నాము.

సుబ్బారావు గారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఇల్లు పెద్దది, రాబడి చిన్నది. పదమూడవ ఏట ఈ కుర్రవాడు కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి ధనవంతుడు కావాలని ఇల్లు విడిచి బయలుదేరాడట. కబురు తెలిసి తల్లి వెనక్కు రప్పించింది. మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి గట్టెక్కారు. మన పిల్లలలో ఒకసారి తప్పగానే మంచమెక్కేవారున్నారు గనుక ఈ మాట దాచకుండా వ్రాస్తున్నాము.

ప్రెసిడెన్సీ కాలేజీలో చదివే రోజులలో ఆయన మనస్సు సన్యాసం వైపు మళ్ళింది. రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. చివరకు మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. చదువుకు స్నేహితులు, పిమ్మట మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు సాయపడ్డారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరి గారితో వివాహమైంది. అవి గాంధీగారి మాట దేశమంతటా మారుమ్రోగే రోజులు. సుబ్బారావు గారు ఖద్దరు కోటు తొడుక్కొని ఆపరేషను గదికి పోయారు. శస్త్రచికిత్స నేర్పే తెల్లదొరకు అది గిట్టలేదు. పరీక్షలలో ఇతర విషయాలు బాగా వ్రాసినా, చేతికి వచ్చింది యం.బి.బి.యస్. కాదు, దానికంటె తక్కువదైన యల్.యం.యస్. పట్టా. కొంతకాలం మద్రాసులో డాక్టర్ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు.

ఈ నడుమ ఇంటిమీద పిడుగు పడింది. ఆయన సోదరులు ఇద్దరు కొద్దిరోజుల ఎడంలో సంగ్రహణి వ్యాధితో చనిపోయారు. తిన్నది వంటబట్టక, రక్తం పాలిపోయి, మనిషి ఎండిపోయే జబ్బు అది. దానికి మందు వెదకాలన్న పట్టుదల ఆయనను సముద్రం దాటించింది. మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ వారి సాయం తోడుకాగా, భార్యను పుట్టింట విడిచి, 1923 అక్టోబరు 26వ తేదీన అమెరికాలోని బోస్టను నగరంలో దిగారు. ఆ యేటనే ఫిబ్రవరిలో భారతీయులు అమెరికా పౌరులు కాజాలరని అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ అడ్డు 1946 దాకా తొలగలేదు. అనగా ఆయన ఆ దేశంలో గడిపిన కాలంలో చాలా భాగం, ఎంత సేవ చేసినా పరాయివాడుగానే ఉండవలసిన కాలం.

హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశ వైద్యం చదివారు. యల్.యం.యస్. పట్టాతో అక్కడ వైద్యం చేయడానికి వీలులేదు. కాన పీటర్ బెంట్ బ్రిగాం ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు శుభ్రంచేసే ఉద్యోగం చేసి పొట్ట పోసుకున్నారు. డిప్లొమా చేతికి వచ్చిన పిమ్మట అదే విశ్వవిద్యాలయంలో జీవరసాయనశాఖలో కుదిరారు.

ఆ శాఖను గురించి రెండు మాటలు చెప్పాలి. దానికి పెద్ద ఆటో ఫోలిన్ గారు. ఆయన స్వీడను దేశంలో పుట్టి, బాల్యంలోనే అమెరికాకు వలసవచ్చినవాడు. ఆయనవద్ద పనిచేసిన హ్సియెన్ వూ చైనాదేశస్థుడు. వీరిద్దరు 1919లో రక్తాన్ని పరీక్షించే పద్ధతి ఒకటి ప్రకటించారు. రక్తంలోని మాంసకృత్తులను టంగ్‌స్టిక్ ఆమ్లంతో విరిచి, వడగట్టి, ఆ ఒక్క తేటనీటినుండే చక్కెర, యూరియా, క్రియాటినిన్ మొదలైనవి వరుసగా కొలవవచ్చు. అంతకుముందు ఒక్కొక్క పరీక్షకు ఒక్కొక్క చోట ఒక్కొక్క దారి. రక్తాన్ని అందరూ ఒకే తీరున కొలిచే రోజుకు పునాది వేసినవారు ఇద్దరు వలసజీవులు, వారి నీడన చేరిన మూడవవాడు మన సుబ్బారావు గారు.

ఆయనకు సైరస్ ఫిస్క్ గారితో కలిసి చేయవలసివచ్చిన పని రక్తంలోని భాస్వరాన్ని కొలవడం. భాస్వరం ఎందుకంటే, మన ఒంట్లోని భాస్వరంలో నూటికి ఎనభై అయిదు వంతుల వరకు ఎముకలలోనే ఉంటుంది. పసిపిల్లల కాళ్ళు వంకరపోయే రికెట్సు జబ్బులో రక్తంలో భాస్వరం తగ్గుతుంది. మూత్రపిండాలు చెడితే పెరుగుతుంది. కొలవగలిగితే జబ్బు జాడ తెలుస్తుంది. కాని అప్పటికి ఉన్న పద్ధతులలో చిక్కులు ఉండేవి. భాస్వరానికి మాలిబ్డేటు కలిపి, ఇంకొక ద్రవ్యంతో దానిని నీలిరంగుకు తెచ్చేవారు. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ అని లెక్క. ఆ రంగు నెమ్మదిగా వచ్చేది, ఒకప్పుడు వెలిసిపోయేది. రక్తంలోని ఇతర లవణాలు అడ్డుతగిలితే అంకె మారిపోయేది. ఒకే రక్తాన్ని ఇద్దరు కొలిస్తే రెండు జవాబులు.

సుబ్బారావు గారు, ఫిస్క్ గారు ఈ చిక్కును ఒక్కొక్క ముడిగా విప్పారు. రక్తంలోని మాంసకృత్తులను తొలగించిన తేటనీటికి ఆమ్లం, మాలిబ్డేటు కలిపి, ఆ పైన అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం అనే ద్రవ్యం కొద్దిగా చేర్చారు. నిమిషాలలో నిలకడైన నీలిరంగు వచ్చింది. ప్రక్కనే మరొక పాత్రలో, ఎంత భాస్వరం ఉన్నదో ముందే తెలిసిన ద్రావకాన్ని అదే విధంగా రంగు తెప్పించి ఉంచాలి. డుబాస్క్ అనే యంత్రంలో ఒక కన్నుతో రెండు రంగులను ప్రక్కప్రక్కన చూస్తూ, రెండూ ఒకటిగా కనిపించేదాకా మీట త్రిప్పి, లెక్క చదువుకోవాలి. మా పార్సెలు ఆఫీసులో తూకం యంత్రాన్ని ముద్రవేసిన గుండ్లతో సరిచూస్తారు. ఆ తెలిసిన ద్రావకమే ఇక్కడ ముద్రవేసిన గుండు. అది ప్రక్కన లేకుండా తూచిన తూకం ఎవరూ ఒప్పుకోరు గదా!

ఈ పద్ధతి 1925లో అమెరికా జీవరసాయన పత్రికలో వెలువడింది. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో దేశదేశాల లాబొరేటరీలలో ప్రవేశించింది. దశాబ్దాలపాటు వైద్యవిద్యార్థులు దానిని వల్లెవేశారు. ఆ వ్యాసాన్ని తమ వ్యాసాలలో పేర్కొన్న శాస్త్రజ్ఞులు వేలకు వేలు.

కొలత నిలకడగా ఉంటే ఏమి లాభమో వెంటనే తేలింది. కండరాల రసాన్ని ఇదే పద్ధతిలో కొలిచినప్పుడు రంగు ఒక్కసారిగా రాలేదు, నెమ్మదినెమ్మదిగా చిక్కబడింది. పాత పద్ధతి అయితే అది కొలతలోని లోపమని కొట్టివేసేవారు. తమ కొలతను తాము నమ్మగలిగారు గనుక, లోపం కొలతలో లేదు, కండరంలోనే ఏదో ఉన్నదని వీరు గ్రహించారు. ఆమ్లం తగలగానే కొంచెంకొంచెంగా విరిగిపోయి భాస్వరాన్ని విడిచే పదార్థమొకటి అందులో ఉంది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దానిని లోకానికి తెలియజేశారు. 1929లో ఎ.టి.పి. అనే మరొక పదార్థాన్ని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా వేరుగా కనుగొన్నారు. మనం చేయి ఎత్తినా, గుండె కొట్టుకున్నా ఖర్చయ్యే శక్తికి నగదు వంటిది ఈ ఎ.టి.పి. 1930లో సుబ్బారావు గారికి డాక్టరేటు వచ్చింది.

ఇక్కడ కథను కొంచెం ప్రక్కదారి పట్టిస్తున్నందుకు చదువరులు మన్నించాలి. రక్తంలో భాస్వరం ఎంత ఉన్నదో చెప్పడం ఒక పని. ఎంత ఉండాలో చెప్పడం వేరొక పని. మొదటి పనిని సుబ్బారావు గారు చక్కజేశారు. రెండవది ఈనాటికీ పూర్తిగా తెమలలేదు. దానివల్ల మన వీధిలోనే ఏమి జరిగిందో చెబుతాము.

మా క్వార్టర్ల ప్రక్కన మన తెలుగు కుటుంబమే ఒకటి ఉంది. వారి ఎనిమిదేళ్ళ పిల్లవాడు రాత్రులు కాళ్ళు నొప్పులంటే పట్టణంలోని ఒక లాబొరేటరీలో రక్తపరీక్ష చేయించారు. భాస్వరం 5.4 అని వచ్చింది. ప్రక్కన ఉండవలసిన హద్దు 2.5 నుండి 4.5 మిల్లీగ్రాములు అని అచ్చువేసి, ఈ అంకె ఎదుట ఎక్కువ అని గుర్తు పెట్టారు. ఎవరో కిడ్నీ మాట ఎత్తారు. ఇంకేముంది, నాయనమ్మ అన్నం మానివేసింది, తాతగారు విజయవాడలో పెద్దడాక్టరుకు చూపించాలని అమరావతి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు తీయించారు. బయలుదేరేలోగా పిల్లల డాక్టరుగారు ఆ కాగితం చూసి, అది పెద్దవారి హద్దు అని, ఎదిగే పిల్లల రక్తంలో భాస్వరం పెద్దలకంటె ఎక్కువే ఉంటుందని, 5.4 ఆ వయస్సుకు మామూలేనని చెప్పారు. రక్తం తప్పులేదు, కొలతా తప్పులేదు. ప్రక్కన అచ్చువేసిన హద్దు మరొకరిది. టికెట్లు రద్దుచేసే కాగితం వ్రాసిపెట్టింది మేమే.

ఈ చిక్కు పాతది. ఎముకల జబ్బులు, కాలేయపు జబ్బులు తెలిపే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే పరీక్ష ఉంది. 1930ల తొలిభాగంలో అమెరికాలో బోడాన్‌స్కీ గారు దానిని కొలవడానికి ఒక దారి చూపారు. ఆ ఎంజైము ఒక గంటలో విడిపించే భాస్వరాన్ని బట్టి లెక్క. 1934లో కింగ్, ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఇద్దరు వేరొక దారి చూపారు. అరగంటలో విడిపించే ఫినాలును బట్టి లెక్క. ఒక దారిలో ఆరోగ్యవంతుని అంకె సుమారు 1.5 నుండి 4, రెండవ దారిలో సుమారు 3 నుండి 13. ఒక ఊరిలో 10 అని వచ్చిన కాగితం తీసుకొని, వేరొక పద్ధతి నడిచే ఊరికి పోయిన రోగి గతి ఏమి కావాలి? మీటరుగేజి బండిని బ్రాడ్‌గేజి పట్టాల మీదికి తోసినట్టే. ఇప్పటికీ కొన్ని దేశాలలో భాస్వరాన్ని మిల్లీగ్రాములలో గాక మిల్లీమోలులలో వ్రాస్తారు. ఇక్కడి 4 అక్కడ 1.29 అవుతుంది. దుబాయిలోనో లండనులోనో ఉన్న కొడుకుకు కాగితం పంపేవారు అంకెతోపాటు కొలమానాన్నీ చదివి చెప్పాలి.

అయితే హద్దును ఎవరు నిర్ణయిస్తారు? పూర్వం పుస్తకంలో ఉన్నదానిని ఒకరినుండి ఒకరు ఎత్తి వ్రాసుకునేవారు. మామూలు అన్న మాటే సరిగా లేదని, ఎవరి రక్తాలు చూసి, ఏ వయస్సువారిని, ఏ వేళ, ఏ పద్ధతిలో కొలిచి ఆ హద్దు కట్టారో చెప్పితీరాలని 1969లో ఫిన్లాండుకు చెందిన గ్రాస్‌బెక్, సారిస్ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. 1980లలో అంతర్జాతీయ క్లినికల్ కెమిస్ట్రీ సమాఖ్య వారు దానికి నియమాలు ఏర్పరచారు. కనీసం 120 మంది ఆరోగ్యవంతుల రక్తాన్ని కొలిచి, అంకెలను చిన్నదానినుండి పెద్దదాకా వరుసగా పేర్చి, క్రింద నూటికి రెండున్నర, పైన నూటికి రెండున్నర తీసివేస్తే, నడుమ మిగిలిన తొంబదియైదు వంతులే హద్దు. ఆడవారికి, మగవారికి, పిల్లలకు తేడా ఉంటే ఎవరి హద్దు వారికే కట్టాలి.

ఈ లెక్కలో ఒక విచిత్రం దాగి ఉంది. నిక్షేపంగా ఉన్న నూరుమందిలో అయిదుగురు ప్రతి పరీక్షలోనూ హద్దు దాటక తప్పదు. అలా కత్తిరించింది మనమే గదా! ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేయిస్తే, ఏ జబ్బూ లేనివాడికి ఇరవైకి ఇరవై హద్దులోపలే వచ్చే అవకాశం నూటికి ముప్పదియారు మాత్రమే. పండుగ తగ్గింపు ధరకు ఒళ్ళంతా పరీక్ష చేయించుకొని, ఎర్రగీత ఉన్న కాగితంతో ఇంటికివచ్చి దిగులుపడేవారు ఈ లెక్కను ఒకసారి వేసుకోవాలని మా మనవి. డాక్టరును చూడవద్దని కాదు. చూసేదాకా నిద్ర పాడుచేసుకోవద్దని.

హద్దులు కలపడం అసాధ్యం కాదు. డెన్మార్కు, ఫిన్లాండు, ఐస్లాండు, నార్వే, స్వీడను ఈ అయిదు దేశాలవారు 102 లాబొరేటరీలను ఒక త్రాటి మీదికి తెచ్చి, తరచుగా చేసే 25 పరీక్షలకు ఉమ్మడి హద్దులు కట్టి 2004లో ప్రకటించారు. మన దేశంలో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వారు ఒకే సీరాన్ని అనేక లాబొరేటరీలకు పంపి, ఎవరు ఎంత చెప్పారో సరిచూసే ఏర్పాటు ఎంతోకాలంగా నడుపుతున్నారు. కొలతలు కలిస్తేనే హద్దులు కలపడానికి దారి. మన దేశంలో అన్ని ఊళ్ళకూ, అన్ని వయస్సులకూ చెల్లే ఉమ్మడి పట్టిక మాత్రం ఇంకా ఏర్పడలేదు. బదిలీల మీద ఊరూరు తిరిగే మా బోటివారికి ఇది చిన్న సంగతి కాదు. పాత కాగితం పారవేయక, ఏ ఊరిలో ఏ లాబొరేటరీ ఇచ్చిందో, దాని ప్రక్కన ఏ హద్దు అచ్చువేసి ఉన్నదో అలాగే దాచుకుంటే, క్రొత్త ఊరి డాక్టరుకు పనికివస్తుంది.

ఇక సుబ్బారావు గారి వద్దకు పోదాము. హార్వర్డులో పదునేడేళ్ళు గడిచినా ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. కనుగొన్నవాటిని గురించి నలుగురిలో చెప్పుకునే స్వభావం ఆయనది కాదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలో పెర్ల్ రివర్‌లోని లెడర్లీ కంపెనీకి పోయి, అక్కడి పరిశోధనశాఖకు అధిపతి అయ్యారు. ఆ ఎనిమిదేళ్ళ పని తలచుకుంటే ఒక్క మనిషి ఆయుస్సు చాలదనిపిస్తుంది. ఆయన బృందంవారు 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. అది సంగ్రహణికి పనిచేసింది! సోదరులను పోగొట్టుకొని బయలుదేరినవాడు ఇరవైరెండేళ్ళకు ఆ మందును చేతబట్టుకున్నాడు. గర్భిణులకు ఈనాడు ఇచ్చే మాత్రలలో ఉన్నది అదే.

ఆ ఫోలిక్ ఆమ్లం రూపాన్నే కొంచెం మార్చి, దానికి ఎదురుతిరిగే అమినోప్టెరిన్ అనే మందును తయారుచేశారు. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు 1947 చివరనుండి రక్తపుక్యాన్సరుతో ఉన్న పిల్లలకు దానిని ఇచ్చిచూశారు. కొందరిలో తెల్లకణాల లెక్క కొన్ని వారాలు, నెలలు మామూలుకు వచ్చింది. శాశ్వతంగా నయం కాలేదు గాని, ఆ జబ్బుకు మందు పనిచేయగలదని తేలడం అదే మొదలు. 1948 జూనులో ఆ ఫలితాలు వెలువడ్డాయి. దాని తోబుట్టువు వంటి మెథోట్రెక్సేటును ఈనాటికీ వాడుతున్నారు.

బోదకాలు గోదావరి జిల్లాలలో పుట్టిపెరిగినవానికి చెప్పవలసిన జబ్బు కాదు. మన గంజాం, పూరీ వైపు సోదరులకు కూడా తెలుసు. అర్ధరాత్రి వచ్చి వేలుగుచ్చి రక్తం తీసుకొనిపోయే ఫైలేరియా సిబ్బందిని చూడని ఊరు కోస్తాలో అరుదు. ఆ పురుగులు రాత్రివేళనే రక్తంలో తిరుగుతాయి గనుక, పగలు తీసిన రక్తంలో లేవన్నా లేనట్టు కాదు. ఈ జబ్బుకు సుబ్బారావు గారి బృందం 1947లో ప్రకటించిన మందు హెట్రజాన్. డి.ఇ.సి. అన్న పేరుతో 2004 నుండి ప్రభుత్వంవారు ఇంటింటికీ వచ్చి మింగించిన మాత్ర అదే. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను డగ్గర్ అనే వృద్ధశాస్త్రజ్ఞుడు కనుగొన్నది కూడా ఈయన శాఖలోనే.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి ఆయన కన్నుమూశారు. వయస్సు యాభైమూడు. బోస్టనులో దిగిన తర్వాత ఇరవైయైదేళ్ళలో ఒక్కసారైనా స్వదేశం రాలేదు. శేషగిరి గారు భర్తను మరల చూడలేదు. ఆయన గొప్పతనం చెప్పేవారు ఆమె త్యాగాన్ని ఒక్క వాక్యంతో దాటవేయడం మాకు న్యాయంగా తోచదు గాని, ఆమె మాటగా వ్రాయడానికి మావద్ద ఏమీ లేదు. శాస్త్రజ్ఞులు 1953లో ఒక బూజుజాతికి సుబ్బారోమైసిస్ అని పేరుపెట్టారు. 1995లో శతజయంతికి మన తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వేసింది.

ఆయన కనిపెట్టిన నీలిరంగు ఇప్పుడు ఆసుపత్రి లాబొరేటరీలలో చాలావరకు కనిపించదు. రంగుకు తెచ్చే ఆ చివరి ద్రవ్యం లేకుండానే, కంటికి కనిపించని కాంతిలో యంత్రం లెక్క చదివేస్తుంది. భాస్వరాన్ని పట్టుకొనే మాలిబ్డేటును మాత్రం ఈనాటికీ పోస్తున్నారు.